ఇన్సులిన్‌కు అలవాటుపడిన చేతికి మరో సూది: అంగస్తంభన ఇంజెక్షన్ నేర్పిన ఒక కేసు

ఈ కేసులోని వ్యక్తికి అరవై ఏళ్లు దాటాయి. మధుమేహం వచ్చి పదిహేనేళ్లకు పైనే అయింది. కొన్నేళ్లుగా ఇన్సులిన్ తనంతట తానే వేసుకుంటున్నారు. ప్రోస్టేట్ క్యాన్సర్ కారణంగా ఆ గ్రంథిని పూర్తిగా తొలగించే శస్త్రచికిత్స జరిగి ఏడాది దాటింది. క్యాన్సర్ పరంగా ఆయన క్షేమంగా ఉన్నారు: రక్తంలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ప్రోటీన్) గుర్తించలేనంత తక్కువగా ఉంది, మూత్రం మీద అదుపు తిరిగి వచ్చింది. తిరిగి రానిదల్లా అంగస్తంభన. ఆయన అనుమతితో, గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను.

అంగంలోకి నేరుగా తీసుకునే ఇంజెక్షన్ గురించి వైద్య గ్రంథాల్లో మందుల పేర్లు, మోతాదులు కావలసినన్ని దొరుకుతాయి. ఆ సూదిని ఒక మనిషి తన గదిలో, తన చేత్తో, పక్కన వైద్యుడు లేకుండా వేసుకునే స్థితికి ఎలా చేరతాడన్నది మాత్రం వాటిలో అంతగా కనబడదు. ఈ చికిత్స మొదలుపెట్టినవారిలో చాలామంది ఏడాది తిరగకముందే మానేస్తారు. మందు పనిచేయక మానేసేవారికంటే, నేర్చుకోవడం సగంలో ఆగిపోయి మానేసేవారే ఎక్కువని నా అనుభవం. అందుకే ఇక్కడ మందు గురించి కొంత, నేర్పడం గురించి ఎక్కువ రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

శస్త్రచికిత్స నివేదిక ప్రకారం ప్రోస్టేట్‌కు రెండు వైపులా ఆనుకుని వెళ్లే స్తంభన నరాల్లో ఒక వైపువి కాపాడగలిగారు, రెండో వైపు కణితి దగ్గరగా ఉండటంతో తీసేయాల్సి వచ్చింది. ఆయన స్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) 100 మిల్లీగ్రాముల మాత్రను ఖాళీ కడుపుతో, తగినంత సమయం ఇచ్చి, పలుమార్లు వాడి చూశారు. ముఖం వేడెక్కడం, తలనొప్పి తప్ప ఫలితం లేదు. అంగం చుట్టూ గాలి తీసేసి లోపలికి రక్తాన్ని లాగే వాక్యూమ్ పంపు కూడా ప్రయత్నించారు. అంగం చల్లబడినట్టుగా, మొద్దుబారినట్టుగా ఉంటోందని పక్కన పెట్టేశారు.

మాత్ర ఎందుకు పనిచేయలేదో ఆయనకు ఎవరూ విడమరచి చెప్పలేదు. తన శరీరమే మొండికేసిందని అనుకుంటూ వచ్చారు. నిజానికి సిల్డెనాఫిల్, టాడలాఫిల్ వంటి మాత్రలు స్తంభనను తమంతట తాము పుట్టించవు. కోరిక కలిగినప్పుడు నరాల చివరల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దాని వల్ల రక్తనాళాల గోడల్లోని కండరాలు సడలుతాయి. ఆ సడలింపు త్వరగా ముగిసిపోకుండా నిలబెట్టడమే మాత్ర చేసే పని. నరం నుంచి సంకేతమే రానప్పుడు మాత్రకు నిలబెట్టడానికంటూ ఏమీ ఉండదు. ఈయన విషయంలో ఒక వైపు నరాలు లేవు, మిగిలిన వైపువి శస్త్రచికిత్స దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు, పైగా మధుమేహం నరాలనూ సన్నని రక్తనాళాలనూ ఏళ్లుగా దెబ్బతీస్తూనే ఉంది. ఈ మాట చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే తప్పు నాది కాదన్నమాట" అన్నారు. చికిత్స అక్కడే మొదలైందని నేననుకుంటాను.

పరీక్షలో అంగానికి వంకర లేదు, లోపల గట్టి గడ్డలు తగల్లేదు, ముందోలు సులువుగా వెనక్కి వస్తోంది. ఉదయం తీసిన రక్తంలో టెస్టోస్టిరాన్ మామూలు స్థాయిలోనే ఉంది. గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 8.4 శాతం. రెండు అంతస్తుల మెట్లు ఆయాసం, ఛాతీ నొప్పి లేకుండా ఎక్కగలరు. అయినా మధుమేహం ఉన్నవారిలో అంగస్తంభన లోపం గుండె రక్తనాళాల జబ్బుకు ముందస్తు సూచన కావచ్చు కాబట్టి, గుండె నిపుణుడి అభిప్రాయం తీసుకున్నాకే ముందుకు వెళ్లాం. రక్తం త్వరగా గడ్డకట్టనివ్వని ఆస్పిరిన్‌ను తక్కువ మోతాదులో వాడుతున్నారు. దాన్ని ఆపాల్సిన పని లేదు, సూది తీశాక ఎక్కువసేపు నొక్కిపట్టాలి, అంతే. సికిల్‌సెల్ అనే రక్త జబ్బు, లుకేమియా, మల్టిపుల్ మైలోమా వంటి రక్త క్యాన్సర్లు ఉన్నవారిలో స్తంభన తగ్గకుండా ఉండిపోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి వారికి ఈ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. ఈయనకు అలాంటివేవీ లేవు.

వెళ్లబోతూ ఆయన తలుపు దగ్గర ఆగి, "ఈ వయసులో ఇదంతా అవసరమా అని మీకు అనిపించడం లేదు కదా డాక్టర్ గారూ" అని అడిగారు. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు, దాదాపు ఎప్పుడూ లేచి వెళ్లబోయేటప్పుడే. క్యాన్సర్ నుంచి బయటపడినవాడు ప్రాణం దక్కినందుకు సంతోషించి మిగతావన్నీ వదులుకోవాలన్న భావన మన చుట్టూ బలంగా ఉంది. దాన్ని వైద్యులమైన మేమే ముందు వదిలించుకోవాలి. మీకు అవసరమనిపిస్తే అవసరమే, దానికి వయసు పరిమితి లేదని చెప్పాను.

నరాన్ని దాటుకుని వెళ్లే మందు

అంగంలో పొడవునా రెండు స్తంభన గొట్టాలు ఉంటాయి. వాటి నిండా స్పాంజిలాంటి కణజాలం, చుట్టూ గట్టి తెల్లటి పొర. లోపలి కండరాలు సడలితే రక్తం నిండుతుంది. నిండిన కణజాలం ఆ పొరకు ఆనుకుని, బయటికి వెళ్లే సిరలను నొక్కిపెడుతుంది. లోపలికి వచ్చిన రక్తం లోపలే నిలుస్తుంది. ఇంజెక్షన్ మందు నరం సంకేతం కోసం ఎదురుచూడకుండా ఆ కండరాన్ని నేరుగా సడలిస్తుంది.

ఈ మార్గం తెలిసి నాలుగు దశాబ్దాలు దాటింది. 1982లో ఫ్రాన్స్‌కు చెందిన వైద్యుడు రోనాల్డ్ విరాగ్, కండరాన్ని సడలించే పపావరిన్ అనే మందును అంగంలోకి ఎక్కిస్తే స్తంభన వస్తుందని ప్రకటించారు. మరుసటి ఏడాది బ్రిటన్ శాస్త్రవేత్త గైల్స్ బ్రిండ్లీ అమెరికాలోని లాస్ వేగాస్‌లో జరిగిన యూరాలజీ (మూత్ర, పురుష జననాంగ వైద్యం) సమావేశానికి ముందు తన అంగంలోకి తానే మందు ఎక్కించుకుని, వేదిక మీద వైద్యుల ముందే ఫలితాన్ని చూపించారు. ఆ సంఘటనను వింతగా చెప్పుకునేవారు ఉన్నారు. నాకు మాత్రం అందులో ధైర్యం కనిపిస్తుంది. స్తంభన లోపమంతా మనసులోని జబ్బేనని చాలామంది వైద్యులు నమ్ముతున్న కాలంలో, కండరం సడలితే చాలునని తన శరీరాన్నే సాక్ష్యంగా పెట్టాడాయన. ఇలాంటి మరో మందు అల్‌ప్రోస్టాడిల్‌కు అంగస్తంభన ఇంజెక్షన్‌గా అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది. 1998లో సిల్డెనాఫిల్ వచ్చాక ఇంజెక్షన్లు వెనక్కి జరిగాయి. మాత్ర పనిచేయనివారికి ఇవి ఇప్పటికీ నమ్మదగిన దారి.

మోతాదు ఎలా కుదిరింది

మొదటి సూదులు క్లినిక్‌లో మేమే వేశాం. అల్‌ప్రోస్టాడిల్ 2.5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టాం. అంగం కాస్త నిండింది తప్ప బిగువు రాలేదు. 5 మైక్రోగ్రాములకు కొంత బిగువు వచ్చింది, ప్రవేశానికి చాలేంత కాదు. పాక్షికంగానైనా స్పందన వచ్చినప్పుడు తర్వాతి మోతాదును అదే రోజు ఇవ్వకూడదు, కనీసం ఒక రోజు ఆగాలి. ఆ పద్ధతిలో 10 మైక్రోగ్రాములకు వెళ్లినప్పుడు ఫలితం బాగుంది. బిగువును 1 నుంచి 4 వరకు కొలిచే కొలమానం మీద 3. అంటే పూర్తి బిగువు కాకపోయినా ప్రవేశానికి సరిపోతుంది.

కానీ ఆయన ముఖంలో సంతోషం లేదు. అంగమంతా లోపలినుంచి సలుపుతోందని, పంటినొప్పి వచ్చినప్పటిలా ఇంకేమీ తోచడం లేదని చెప్పారు. సూది గుచ్చిన నొప్పి కాదది, మందు వల్ల వచ్చే నొప్పి. అల్‌ప్రోస్టాడిల్ వాడేవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది, నరాలు దెబ్బతిన్నవారిలో మరీ ఎక్కువ. కొందరిలో వాడగా వాడగా తగ్గుతుంది. అయితే మొదటి మంచి స్తంభనే బాధతో ముడిపడిపోతే ఆ మనిషి ఇంటికెళ్లి సూది ముట్టుకోడు. ఓపిక పట్టమని చెప్పడంకంటే మందు మార్చడమే సరైనదని నిర్ణయించాను.

పపావరిన్, ఫెంటోలమిన్, అల్‌ప్రోస్టాడిల్ మూడూ కలిపిన ట్రైమిక్స్‌కు మారాం. మేము వాడిన మిశ్రమంలో ఒక్కో మిల్లీలీటరుకు పపావరిన్ 30 మిల్లీగ్రాములు, ఫెంటోలమిన్ 1 మిల్లీగ్రాము, అల్‌ప్రోస్టాడిల్ 10 మైక్రోగ్రాములు ఉంటాయి. మూడూ వేర్వేరు దారుల్లో ఒకే కండరాన్ని సడలిస్తాయి కాబట్టి ఒక్కోటి కొద్దిగానే చాలు. 0.1 మిల్లీలీటరుతో కొలమానం మీద 2 వచ్చింది. 0.15 మిల్లీలీటరుతో 3కు మించి, దాదాపు పూర్తి బిగువు వచ్చి ముప్పావు గంట నిలిచింది. అందులోని అల్‌ప్రోస్టాడిల్ 1.5 మైక్రోగ్రాములే కాబట్టి సలుపు లేదు. ఈ మిశ్రమానికి తన ఇబ్బందులు తనకున్నాయి: ఇది ఫార్మసీలో ప్రత్యేకంగా కలిపి ఇచ్చేది, ఫ్రిజ్‌లో ఉంచాలి, గడువు తక్కువ. పపావరిన్ వల్ల ఏళ్ల తరబడి వాడకంలో లోపల మచ్చకణజాలం ఏర్పడవచ్చు, స్తంభన తగ్గకుండా ఉండిపోవచ్చు. ఇవన్నీ ముందే చెప్పి, రాసి ఇచ్చాను.

ఇంకో విషయం. క్లినిక్‌లో మనిషి బిగుసుకుని ఉంటాడు. ఆ ఆందోళనలో విడుదలయ్యే అడ్రినలిన్ వంటి రసాయనాలు మందుకు ఎదురు పనిచేస్తాయి. అదే మోతాదు ఇంట్లో, తీరిగ్గా ఉన్నప్పుడు మరింత బలంగా పనిచేయవచ్చు. అందుకే ఇంటికి పంపేటప్పుడు 0.15 రాయకుండా 0.12తో మొదలుపెట్టమన్నాను.

చేతికి నేర్పడం

ఇక్కడే ఈ కేసు ప్రత్యేకత. ఇన్సులిన్ వేసుకునేవారికి ఈ ఇంజెక్షన్ సులువుగా వస్తుందని అందరూ అనుకుంటారు. సూదంటే భయం ఉండదు, గాలిబుడగలు తీయడం తెలుసు, శుభ్రత తెలుసు. ఇవన్నీ నిజమే. కానీ ఇన్సులిన్ నేర్పిన అలవాట్లలో కొన్ని ఇక్కడ పనికిరావు, ఒకటి రెండు హాని కూడా చేస్తాయి.

మొదటిది సిరంజి. ఈయన ఇంట్లో ఉన్నవి మిల్లీలీటరుకు 40 యూనిట్ల గీతలున్న సిరంజిలు. నేను చెప్పే మోతాదు 100 యూనిట్ల సిరంజి లెక్కలో ఉంటుంది: 0.15 మిల్లీలీటరు అంటే 15 గీత. అదే 15 గీత వరకు 40 యూనిట్ల సిరంజిలో నింపితే 0.375 మిల్లీలీటర్లు అవుతుంది, అంటే రెండున్నర రెట్లు. రక్తంలో చక్కెర విషయంలో ఇలాంటి పొరపాటు ఎంత ప్రమాదమో ఆయనకు తెలుసు. ఇక్కడ జరిగితే రాత్రంతా తగ్గని స్తంభనతో ఆసుపత్రికి పరుగెత్తాలి. అర మిల్లీలీటరు పట్టే, ఒక్కో యూనిట్‌కు ఒక్కో గీత ఉండే 100 యూనిట్ల సిరంజిలు వేరుగా ఇచ్చి, ఇన్సులిన్ సిరంజిలు ఉంచే డబ్బాలో వీటిని కలపవద్దని చెప్పాను. మోతాదును కాగితం మీద మిల్లీలీటర్లలోనూ, గీతల్లోనూ, సిరంజి రకంతో సహా రాయడం అప్పటినుంచీ ఇప్పటివరకూ తప్పనిసరిగా పాటిస్తున్నాం.

రెండోది చూపు. గీతలు చదవడానికి కళ్లద్దాలు పెట్టుకోమంటే, "ఇన్సులిన్‌కు అలవాటైపోయింది, చెయ్యే చెబుతుంది" అన్నారు. ఇక్కడ చేతి అంచనా పనికిరాదు. దీపం ఎక్కడుండాలి, కళ్లద్దాలు ఎక్కడ పెట్టాలి అన్నవి కూడా పాఠంలో భాగమే. మోతాదు సిరంజిలోకి తీసే పని పడకగదిలో మసక వెలుతురులో కాకుండా వంటగదిలో బల్ల మీద ముగించి, సూదికి మూత పెట్టి తీసుకెళ్లమన్నాను.

మూడోది అన్నిటికంటే మొండిది. ఇన్సులిన్ చర్మం కింద ఉండే కొవ్వులోకి వెళ్లాలి, అందుకే చాలామంది చర్మాన్ని రెండు వేళ్లతో మడతపెట్టి పట్టుకుంటారు. ఈ మందు చర్మాన్నీ, దాని కింద ఉన్న గట్టి పొరనూ దాటి స్తంభన గొట్టం లోపలికి వెళ్లాలి. ఇక్కడ చర్మం మడత పడితే మందు చర్మం కిందే ఆగిపోతుంది.

చేయాల్సిన తీరు ఇలా చూపించాను. గోడకు ఆనుకుని కాళ్లు చాపి కూర్చోవాలి. ముందోలు ఉంటే పూర్తిగా వెనక్కి తీయాలి. బొటనవేలు, చూపుడు వేళ్లతో అంగం కొనను పట్టుకోవాలి. మధ్య భాగాన్నీ, చర్మాన్నీ పట్టుకోకూడదు. కొనను పట్టి తొడ వైపు గట్టిగా చాపితే చర్మం బిర్రుగా నిలుస్తుంది, సూది ఎక్కడ తగులుతుందో అక్కడే దిగుతుంది. అంగాన్ని మెలితిప్పకూడదు, తిప్పితే పక్క భాగం పైకి వచ్చి చోటు మారిపోతుంది. చోటు ఎంచుకోవడానికి గడియారం లెక్క వాడతాం: అడ్డంగా కోసి చూస్తే పన్నెండు గంటల చోట నరాలు, పెద్ద రక్తనాళాలు ఉంటాయి, ఆరు గంటల చోట మూత్రనాళం. ఈ రెండూ వదిలేసి పది, రెండు గంటల దగ్గర, మొదలు నుంచి మధ్య వరకు ఉన్న భాగంలో గుచ్చాలి. కంటికి కనిపించే సిరను తప్పించాలి. ఒకసారి కుడి అయితే మరోసారి ఎడమ.

స్పిరిట్ దూదితో తుడిచి, అది ఆరేదాకా ఆగాలి. తడి మీదే గుచ్చితే మంట. సూదిని అంగానికి నిటారుగా, 90 డిగ్రీల కోణంలో, మొదలంటా ఒకే కదలికలో దించాలి. అర అంగుళం పొడవున్న ఆ సన్నని సూది గట్టి పొరను దాటేటప్పుడు చిన్న అడ్డు తగిలి వదిలినట్టు వేలికి తెలుస్తుంది. మందు తోసేటప్పుడు పిస్టన్ తేలిగ్గా కదలాలి. బలంగా తోయాల్సి వస్తున్నా, చర్మం మీద బుడిపె లేస్తున్నా, మంట పెడుతున్నా సూది సరైన చోట లేదని అర్థం; ఆపి, సూదిని కాస్త లోపలికో వెలుపలికో జరపాలి. తీశాక బొటనవేలితో ఆ చోట నొక్కిపట్టాలి. మామూలుగా రెండు మూడు నిమిషాలు చాలు, ఆస్పిరిన్ వల్ల ఈయనకు ఐదు నిమిషాలు చెప్పాను. ముందోలును తిరిగి ముందుకు లాగడం మరిచిపోకూడదు. అది వెనకే ఉండిపోయి అంగం ఉబ్బితే కొత్త సమస్య.

ఒక వైపే గుచ్చితే అంగం వంకరగా లేస్తుందా అని అడిగారు. రెండు గొట్టాల మధ్య గోడకు సందులు ఉంటాయి, మందు రెండో వైపుకు వెళుతుంది, అందుకే ఒక్క సూది చాలు.

మొదట ఉప్పునీటి సెలైన్‌తో సాధన చేయించాను. ఆయన చేయి సూదిని చర్మానికి వేలెడు దూరం దాకా తెచ్చి అక్కడ ఆగిపోయింది. మళ్లీ తెచ్చారు, మళ్లీ ఆగింది. పొట్టలోకి రోజూ సూది గుచ్చుకునే మనిషి ఇక్కడ గుచ్చలేకపోవడం ఆయనకే ఆశ్చర్యం కలిగించింది. ఇలాంటప్పుడు తొందరపెట్టకూడదు, నా చేతిలోకి తీసుకుని గుచ్చేయనూ కూడదు. ఊపిరి వదులుతూ గుచ్చండి, మెల్లగా దించితేనే నొప్పి, చురుగ్గా దించితే చీమ కుట్టినట్టు కూడా ఉండదు అని మాత్రం చెప్పి కూర్చున్నాను. గుచ్చాక ఆయన తలెత్తి, "ఇంతేనా" అన్నారు.

ఇంట్లో

మొదటిసారి ఇంట్లో వాడినప్పుడు కలయిక గురించి ఆలోచించవద్దని అందరికీ చెబుతాను. సూది వేసుకుని, ఏం జరుగుతుందో చూసి, సమయం రాసుకుంటే చాలు. ఒక రాత్రిలో సూదీ పనిచేయాలి, మనిషీ పనిచేయాలి అని పెట్టుకుంటే ఏదో ఒకటి దెబ్బతింటుంది.

ఆయన ఫోను చేశారు. మందు చెడిపోయినట్టుంది, ఏమీ రాలేదు అన్నారు. రెండో డోసు వేసుకోలేదు కదా అన్నది నా మొదటి ప్రశ్న. ఒక రోజులో ఒక్కటే, వారానికి మూడు మించకూడదు, రెండింటి మధ్య కనీసం ఇరవై నాలుగు గంటలు ఉండాలి. మొదటిది పని చేయలేదన్న నిరాశలో రెండోది ఎక్కించుకోవడం వల్లే చాలా ప్రమాదాలు జరుగుతాయి. ఆయన వేసుకోలేదు. గుచ్చిన చోట గోళీ అంత బుడిపె లేచి గంటలో తగ్గిందని చెప్పారు. ఆ ఒక్క మాటతో సంగతి అర్థమైంది.

క్లినిక్‌కు రమ్మని, ఇంట్లో ఎలా చేశారో అచ్చం అలాగే సెలైన్‌తో చేసి చూపమన్నాను. మాటల్లో చెప్పమంటే నేను నేర్పినదే తిరిగి చెప్పేవారు. చేసి చూపినప్పుడు, కొన పట్టుకుని చాపిన ఎడమ చేయి సూది దగ్గరికి వచ్చే క్షణంలో కొన వదిలేసి, దానంతట అది వెళ్లి పక్క చర్మాన్ని మడతపెట్టింది. ఏళ్ల అలవాటు అది. తానలా చేస్తున్నట్టు ఆయనకు తెలియనే తెలియదు. చూపించాక నమ్మలేనట్టు తన వేళ్లవైపు చూసుకున్నారు.

సరిదిద్దడానికి ఒక ఉపాయం చేశాం. ఎడమ చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒక చిన్న గాజుగుడ్డ (గాయాలకు కట్టే పల్చటి గుడ్డ) ముక్క పెట్టి, దానితో కొనను పట్టుకోమన్నాను. సూది బయటికి వచ్చేదాకా ఆ గుడ్డ జారకూడదు. వేలు మడత వైపు వెళ్లబోతే గుడ్డ జారుతుంది, ఆయనకు వెంటనే తెలుస్తుంది. గుడ్డ వల్ల పట్టు కూడా నిలుస్తుంది. తర్వాతి సూది ఇంట్లో పనిచేసింది. 0.12 మిల్లీలీటరుకే పది నిమిషాల్లో బిగువు వచ్చి, గంటలోపే తగ్గింది. 0.15 అవసరమే రాలేదు.

మందు పనిచేయలేదని ఎవరైనా చెప్పినప్పుడు మోతాదు పెంచడం వైద్యుడికి సులువైన పని. ఈయనకు అలా పెంచి ఉంటే, ఏదో ఒక రోజు సూది సరిగ్గా దిగినప్పుడు ఆ పెద్ద డోసంతా ఒక్కసారిగా లోపలికి వెళ్లేది. ముందు చేయి చూడాలి, తర్వాతే గీత మార్చాలి.

నాలుగు గంటలు

స్తంభన నాలుగు గంటలు దాటితే అది అత్యవసర పరిస్థితి. లోపల నిలిచిన రక్తంలో ఆక్సిజన్ అయిపోతుంది, గంటలు గడిచేకొద్దీ కండర కణజాలం చచ్చి మచ్చగా మారుతుంది, ఆ తర్వాత ఏ మందుకూ స్తంభన రాని స్థితి ఏర్పడుతుంది. సమయానికి వస్తే చికిత్స పెద్ద కష్టం కాదు: సూదితో ఆ రక్తం తీసి, గుండె స్పందననూ రక్తపోటునూ గమనిస్తూ రక్తనాళాలను బిగించే ఫినైల్‌ఎఫ్రిన్ మందును చిన్న చిన్న మోతాదుల్లో లోపలికి ఎక్కిస్తారు. ఆలస్యమే నష్టం. ఆ ఆలస్యానికి కారణం దాదాపు ప్రతిసారీ సిగ్గు. తెల్లారేదాకా చూద్దాం, తగ్గిపోతుందేమో అనుకుంటూ మంచుగడ్డలతో, నడకతో రాత్రంతా గడిపేస్తారు.

అందుకే ఆయనకు సంతకం చేసిన ఉత్తరం ఒకటి ఇచ్చాను. ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పుడు వేసుకున్నది రాయడానికి ఖాళీ, చేయాల్సిన చికిత్స, నా ఫోను నంబరు అందులో ఉన్నాయి. అత్యవసర విభాగంలో రద్దీ మధ్య నిలబడి నోటితో చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా ఆ కాగితం చేతికిస్తే చాలు. సూది వేసుకున్న సమయం రాసుకోవడం, మూడు గంటలు దాటితే నాకు ఫోను చేయడం, నాలుగు గంటలయ్యేసరికి ఆసుపత్రిలో ఉండటం మా మధ్య ఒప్పందం. సూది వేసుకున్న రోజు సిల్డెనాఫిల్ మాత్ర కూడా కలిపి వేసుకోకూడదనీ అందులోనే రాశాను. ఇప్పటివరకు ఆ ఉత్తరం వాడాల్సిన అవసరం రాలేదు.

ఆవిడ అడిగిన ప్రశ్న

ఆయన భార్యను మొదటినుంచీ తీసుకురమ్మంటున్నాను. ఇంట్లో సూది పనిచేశాకే ఆవిడ వచ్చారు. చాలాసేపు సూది గురించి, నొప్పి గురించి, గుండెకు ఏమైనా అవుతుందా అన్నదాని గురించి అడిగారు. ఆయన సిరంజిలు తీసుకోవడానికి బయటికి వెళ్లినప్పుడు అసలు ప్రశ్న వచ్చింది: "మందుతో వచ్చేదాంట్లో నేనుండి ఏమి, లేక ఏమి?"

చాలామంది స్త్రీలు లోలోపల అనుకుని బయటికి అడగని ప్రశ్న ఇది. దీనికి జవాబు దొరక్కపోతే ఆ ఇంట్లో మందు ఫ్రిజ్‌లో గడువు తీరిపోయేదాకా పడి ఉంటుంది. నిజమే, ఈ మందుకు స్తంభన తేవడానికి కోరిక అక్కర్లేదు. కానీ కోరికను అది పుట్టించదు, తృప్తిని ఇవ్వదు. ఆయన ఫ్రిజ్ తలుపు తెరిచే ముందే కోరిక కలిగింది, ఆవిడ వల్లే కలిగింది. ఆ కోరిక అంగం దాకా చేరే నరం దారి మూసుకుపోయింది, మందు చేసేది ఆ నరం పని ఒక్కటే. ప్రోస్టేట్ లేకపోవడం వల్ల వీర్యం రాదు, భావప్రాప్తి మాత్రం కలుగుతుంది అన్నది కూడా ఇద్దరికీ కలిపి మళ్లీ చెప్పాను. శస్త్రచికిత్సకు ముందు చెప్పిన మాటే అయినా, క్యాన్సర్ భయంలో అది ఎవరి చెవికీ ఎక్కి ఉండదు.

ఆవిడకు రుతుక్రమం ఆగి చాలా కాలమైంది. కలయిక లేక ఏళ్లు గడిచాయి. యోని పొడిబారడం వల్ల నొప్పి పెడుతోందని ఎంతో మొహమాటపడుతూ చెప్పారు. స్త్రీ వైద్యనిపుణురాలి దగ్గరికి పంపాం. కందెన జెల్, ఈస్ట్రోజెన్ క్రీముతో ఆ నొప్పి తగ్గింది. భర్తకు బిగువు తెప్పించి, భార్యకు నొప్పి మిగిల్చే చికిత్స సగం చికిత్సే. ఈ ప్రశ్న అడగడం యూరాలజిస్టు పని కాదనుకునేవారితో నేను ఏకీభవించను.

ఆవిడ సూది వేయడం కూడా నేర్చుకుంటానన్నారు. ఆయనకు పొట్ట కాస్త ముందుకు ఉండటంతో కూర్చున్నప్పుడు అంగం మొదలు సరిగా కనిపించేది కాదు, అద్దం పెట్టుకునేవారు. ఇప్పుడు గుచ్చేది ఆయనే, నొక్కిపట్టేది ఆవిడ. ఆ ఐదు నిమిషాలూ మాట్లాడుకుంటామని చెప్పారు.

ప్రస్తుత స్థితి

వారానికి ఒకసారి, అప్పుడప్పుడు రెండుసార్లు వాడుతున్నారు. మోతాదు 0.12 మిల్లీలీటరు దగ్గరే ఉంది. హెచ్‌బీఏ1సీ 7.3కు దిగింది. చక్కెర అదుపులో ఉంటే మిగిలిన నరాలు కోలుకునే అవకాశం మెరుగవుతుందని చెప్పినప్పటినుంచీ నడక మానలేదు. వచ్చినప్పుడల్లా అంగాన్ని మొదలు నుంచి కొన దాకా వేళ్లతో తడిమి గట్టి గడ్డలు, పీచు లాంటి చారలు ఉన్నాయేమో చూస్తాను. గుచ్చే చోటును మారుస్తున్నారో లేదో చర్మమే చెబుతుంది. ఒకసారి కుడి వైపు చిన్న నెత్తురు కమిలిన మచ్చ కనిపించింది, ఆ రోజు ఐదు నిమిషాలు నొక్కలేదని ఆయనే ఒప్పుకున్నారు. గడ్డలేవీ లేవు. పపావరిన్ కాలేయాన్ని ప్రభావితం చేయవచ్చు కాబట్టి ఎంజైముల పరీక్ష కూడా చేయిస్తున్నాం.

ఇటీవల నిద్రలేచేటప్పుడు అంగం కొద్దిగా నిండినట్టు ఉంటోందని చెప్పారు. కాపాడిన వైపు నరాలు కోలుకుంటున్నాయనడానికి అది సూచన కావచ్చు. ప్రోస్టేట్ శస్త్రచికిత్స తర్వాత ఆ కోలుకోవడం రెండేళ్ల దాకా సాగుతుంది. నరం కోలుకునేకొద్దీ పాత మోతాదే ఎక్కువై స్తంభన మరీ ఎక్కువసేపు నిలిచే ప్రమాదం ఉంది కాబట్టి, గంట దాటి ఉండిపోతే తర్వాతిసారి రెండు గీతలు తగ్గించమని కాగితం మీద కొత్తగా రాసి ఇచ్చాను. వచ్చే సమీక్షలో, సూది వేసుకోని రోజున, సిల్డెనాఫిల్‌ను మరోసారి పరీక్షించి చూస్తాం.